టర్బో కొన్నాక మళ్లీ నాణేలు ఎందుకు?
(రోటరీ ఇంజన్‌లో ఇంధనం, నిప్పురవ్వ – ఒక పాఠం)



పోయినసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక వరండాలో పదిమంది పిల్లలు ఒక్క ఫోను చుట్టూ మూగి కూర్చున్నారు. కార్ల రేసు ఆట. పసుపు రంగు మజ్దా ఆర్‌ఎక్స్-7 కారు మలుపులు తిరుగుతోంది. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నన్ను చూసి అడిగాడు. "అన్నా, నువ్వు ఇంజన్ల గురించే గదా చదివేది. నాణేలు పెట్టి టర్బో కొన్నా, స్పీడు పెరిగింది. మళ్లీ ఫ్యూయల్ అప్‌గ్రేడ్ అంటాడు, ఇగ్నిషన్ అప్‌గ్రేడ్ అంటాడు. అవి కొనకపోతే ఏమైద్ది?"

"ఆటలో ఏమీ కాదురా. నిజం కారులో అయితే ఇంజన్ పోద్ది" అన్నాను.

"ఎట్ల పోద్ది?"

ఆ జవాబు చెప్పేలోగా లైట్లు ఆర్పే వేళయింది. సావనీరుకు వ్యాసం రాయమని అడిగినప్పుడు నాకు ఆ ప్రశ్నే గుర్తుకొచ్చింది. ఇదే ప్రశ్న వేరే రూపంలో మా ఇంట్లో చాలా ఏళ్లు నలిగింది. ఆ సంగతి మధ్యలో చెబుతాను. ముందు ఇంజన్ గురించి తెలుసుకుందాం.

మనం రోజూ చూసే బైకు, ఆటో, లారీ ఇంజన్లన్నిటిలో పిస్టన్ ఉంటుంది. అది సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను క్రాంక్ షాఫ్ట్ గుండ్రని తిరుగుడుగా మారుస్తుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయనకు ఈ పైకీ కిందికీ ఊగడమే నచ్చలేదు. మొదటి నుంచే గుండ్రంగా తిరిగే ఇంజన్ ఎందుకు ఉండకూడదని ఆయన పట్టుబట్టాడు. ఎన్.ఎస్.యు. అనే కంపెనీలో 1957లో ఆయన ఇంజన్ మొదటిసారి నడిచింది. దీనినే వాంకెల్ ఇంజన్ లేదా రోటరీ ఇంజన్ అంటారు.

దాని ఆకారం ఊహించుకోవడం తేలికే. రెండు గింజలున్న వేరుశనక్కాయను నిలువుగా చీల్చి చూడండి. నడుము దగ్గర కొద్దిగా నొక్కుకుని, రెండు వైపులా గుండ్రంగా ఉంటుంది. నడుము నొక్కు ఇంకా తక్కువగా ఉందనుకుంటే అదే ఈ ఇంజన్ గది. దాని లోపల మూడు వైపులూ ఉబ్బిన సమోసా లాంటి ఇనుప ముక్క తిరుగుతుంది. అదే రోటర్. రోటర్ మూడు మూలలూ ఎప్పుడూ గది గోడను రాసుకుంటూనే ఉంటాయి. కావున గోడకూ రోటర్‌కూ మధ్య ఎప్పుడూ మూడు గదులు ఏర్పడతాయి. రోటర్ తిరిగేకొద్దీ ఒక్కొక్క గది పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. ఒక గదిలో గాలీ పెట్రోలూ పీల్చుకుంటుండగా, రెండో గదిలో నొక్కడం, మండడం జరుగుతుంటుంది. మూడో గదిలోంచి పొగ బయటికి పోతుంటుంది. వాల్వులు లేవు. రోటర్ ఒక్క చుట్టు తిరిగేసరికి మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ఒక్కో రోటర్‌లో ఒక మంట. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, తర్వాత లెక్కకు పనికొస్తుంది.

ఆ మూలలు గోడను రాసుకునే చోట సన్నని లోహపు పట్టీలు ఉంటాయి. వాటిని అపెక్స్ సీళ్లు అంటారు. రోటరీ ఇంజన్ కష్టాలన్నీ దాదాపు అక్కడే. జపాన్‌లో హిరోషిమాకు చెందిన మజ్దా కంపెనీ ఈ ఇంజన్ హక్కులు కొని తయారు చేయబోతే, ఆ సీళ్లు అదిరి గోడ మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి. వాటికి అక్కడి ఇంజనీర్లు దయ్యం గోటి గీతలని పేరు పెట్టారు. కెనిచి యమమోతో అనే ఇంజనీరు నాయకత్వంలో 47 మంది ఆ గీతలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, అల్యూమినియం కలిపిన కార్బన్ సీళ్లతో దారి కనుక్కున్నారు. 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారు బయటికి వచ్చింది. యమమోతో తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. మన తమ్ముడి ఫోనులోని పసుపు కారు ఆ వంశంలోదే. 1991 నుంచి 2002 దాకా తయారైన ఆర్‌ఎక్స్-7 అది. రెండు రోటర్లు, ఒక్కో గది 654 సి.సి., మొత్తం 1308 సి.సి. దానికి రెండు టర్బోలు.

ఇక మా ఇంటి సంగతి.

మా నాన్న భద్రాచలం, సారపాక, బూర్గంపాడు మధ్య కిరాయి ఆటో తోలేవాడు. నేను మూడో తరగతిలో ఉన్నప్పటి మాట. బండి ఆయనది కాదు. రోజు కిరాయి ఓనరుకు కట్టాలి. పెట్రోలు మాత్రం ఓనరే పోయించి పొద్దున్నే బండి ఇచ్చేవాడు. కొన్నాళ్లకు ఆ ఆటోలో ఒక శబ్దం మొదలైంది. రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు. జనం నిండుగా ఎక్కి ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువగా వినపడేది. నేను వెనక కూర్చుని ఆ శబ్దానికి తాళం వేసేవాడిని. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బండి ఆగిపోయింది. మెకానిక్ విప్పితే పిస్టన్ తల మీద బెజ్జం. నా చిటికెన వేలు దూరేంత.

"బండి గుంజావు, ఓవర్‌లోడ్ చేశావు" అన్నాడు ఓనరు. రిపేరు ఖర్చు నాన్న మీద పడింది. నాలుగు నెలల పాటు రోజువారీ సంపాదనలో కోత. ఆ నాలుగు నెలలే నన్ను హాస్టల్‌లో వేయడానికి కారణం. అది వేరే కథ, మీలో చాలామందికి తెలిసిన కథే. ఆ ట్యాంకులో పెట్రోలు నీలంగా ఉండేదని నాన్నకు తెలుసు. రేషన్ కిరోసిన్ రంగు అది. కానీ కిరోసిన్‌కూ పిస్టన్ బెజ్జానికీ సంబంధం ఏమిటో ఆయన చెప్పలేకపోయాడు. చెప్పలేని మనిషిదే తప్పయింది.

బి.టెక్ మూడో సంవత్సరంలో ల్యాబ్‌లో ఒక ఇంజన్ మీద ప్రయోగం చేస్తుంటే ఆ గోలీల శబ్దం మళ్లీ విన్నాను. దాని పేరు నాకింగ్. దీనినే డిటొనేషన్ అని కూడా అంటారు.

మన అడవి అంచున ఉండేవాళ్లకు ఇది అర్థం చేయడం పట్నం వాళ్లకు చెప్పడం కంటే సులువు. ఎండాకాలం ఆకు రాలాక ఒక మూల నిప్పంటుకుంటే ఏమవుతుంది? మంట ఒక గీతలాగా నడుచుకుంటూ వస్తుంది. గీత వెనక బూడిద, ముందు ఎండుటాకు. ఇంజన్‌లో మామూలుగా జరిగేది అదే. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది, అక్కడి నుంచి మంట గీత గది అంతటా పాకుతుంది. అది పాకేకొద్దీ ఒత్తిడి పెరిగి, ఇంకా కాలని మిశ్రమం నొక్కుకుపోయి వేడెక్కుతుంది. ఆ వేడి హద్దు దాటితే మంట గీత అక్కడికి చేరకముందే ఆ భాగమంతా తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటుంది. అది మండడం కాదు, పేలడం. ఆ దెబ్బ పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు పడుతుంది. మనకు వినపడే గోలీల శబ్దం ఆ సుత్తి దెబ్బలే.

తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే శక్తిని ఇంధనానికి ఆక్టేన్ సంఖ్య అనే కొలతతో చెబుతారు. పెట్రోలుకు అది 90 దాటి ఉంటుంది. కిరోసిన్‌కు చాలా తక్కువ. ఆ రెండూ కలిపి, ఎండలో, నిండు బరువుతో ఎత్తు ఎక్కిస్తే నాకింగ్ రాక ఏమవుతుంది? బరువు మోయడానికే చేసిన బండి అది. దానికి పోసినదే తప్పు.

ఇప్పుడు టర్బో. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీది ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి లోపలికి తోస్తుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ బలం. కానీ కుక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు ముట్టుకున్నవాళ్లకు ఇది తెలుసు. ఒత్తిడి, వేడి రెండూ పెరిగాయంటే నాకింగ్‌కు తలుపు తెరిచినట్టే. పిస్టన్ ఇంజన్ అయితే కొన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది. మా ఆటో కొన్ని వారాలు ఓర్చుకుంది. టర్బో రోటరీ అంత ఓర్చుకోదు. ఈ ఆర్‌ఎక్స్-7లో అపెక్స్ సీలు మందం 2 మిల్లీమీటర్లు మాత్రమే. గట్టి నాకింగ్ కొద్ది సేపు వచ్చినా సీలు విరగవచ్చు. విరిగిన ముక్క గోడను గీరి, పొగతో పాటు బయటికి పోతూ టర్బో చక్రం రెక్కలను కూడా తినేస్తుంది. కావున రోటరీకి ఫ్యూయల్, ఇగ్నిషన్ అప్‌గ్రేడ్ అనేది స్పీడు కోసం మాత్రమే అనుకోవద్దు. టర్బోతో వచ్చిన స్పీడును ఇంజన్ తట్టుకునేలా చేసేది అదే.

పెట్రోలు ఎంత కావాలో ఒక లెక్క చేద్దాం. పదో తరగతి వాళ్లు పెన్సిల్ తీయండి. షాఫ్ట్ ఒక్క చుట్టుకు రెండు రోటర్లు కలిసి 1.308 లీటర్ల గాలి పీలుస్తాయి. నిమిషానికి 6000 చుట్లు అయితే 7848 లీటర్లు. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. అంటే దాదాపు 9.4 కిలోల గాలి. కంపెనీ ఇచ్చిన టర్బో ఒత్తిడి సుమారు 10 పౌండ్లు. వేడి వల్ల పోయినది పోగా గాలి ఒకటిన్నర రెట్లు అవుతుందనుకుందాం. 14 కిలోలు. పుస్తకం ప్రకారం ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. కానీ టర్బో ఒత్తిడి మీద ఉన్న రోటరీకి పుస్తకం లెక్క పనికిరాదు. 11 కిలోల గాలికే ఒక కిలో పెట్రోలు ఇస్తారు. ఎక్కువైన పెట్రోలు వృథా కాదు. అది ఆవిరవుతూ గదిని చల్లబరుస్తుంది. 14ను 11తో భాగిస్తే నిమిషానికి 1.27 కిలోలు. లీటర్లలో 1.7.

ఈ కారులో నాలుగు ఇంజెక్టర్లు ఉంటాయి. రెండు చిన్నవి నిమిషానికి 550 సి.సి. చొప్పున, రెండు పెద్దవి 850 సి.సి. చొప్పున చిమ్ముతాయి. మొత్తం 2.8 లీటర్లు. 1.7 కావాలంటే 61 శాతం సమయం తెరుచుకుంటే చాలు. బాగానే ఉంది. ఇప్పుడు మన తమ్ముడు పెద్ద టర్బో కొని ఒత్తిడి 15 పౌండ్లకు పెంచి, 8000 చుట్లు తిప్పాడనుకోండి. 1.308ని 8000తో, 1.2తో గుణించి, గాలి 1.8 రెట్లు అనుకుని, 11తో భాగించండి. నిమిషానికి సుమారు 2.05 కిలోలు, అంటే 2.74 లీటర్లు వస్తుంది. 2.8లో అది 98 శాతం. ఇంజెక్టర్లు ఇక మూసుకోనే మూసుకోవు. ఎనభై, ఎనభై అయిదు శాతం దాటితేనే వాటిని నమ్మరు. ఆ తర్వాత గాలి పెరిగినా పెట్రోలు పెరగదు. మిశ్రమం పలచబడుతుంది, గది వేడెక్కుతుంది, గోలీల శబ్దం. పెద్ద ఇంజెక్టర్లు తీసి 1600 సి.సి.వి వేస్తే మొత్తం 4.3 లీటర్లవుతుంది. అదే 2.74 లీటర్లు 64 శాతంలో వచ్చేస్తాయి. ఫ్యూయల్ అప్‌గ్రేడ్‌కు పెట్టే నాణేలు ఇందుకన్నమాట. నేను వేసినవి గుండ్రని అంకెలు. అసలు ఇంజన్ ప్రతి చుట్టుకూ నిండుగా పీల్చదు. అయినా లెక్క దారి ఇదే.

ఇంజెక్టర్ మార్చినంత మాత్రాన సరిపోదు. మన హాస్టల్‌లో పొద్దున బడి వేళకు అన్ని నల్లాలూ ఒకేసారి తిప్పితే చివరి నల్లాలో ఏమొస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. నల్లా పెద్దది బిగిస్తే నీళ్లు పెరుగుతాయా? ట్యాంకు నుంచి వచ్చే ధార పెరగాలి. అలాగే పెట్రోలు ట్యాంకులోని పంపు మార్చాలి. పంపుకు ఇంకో చిక్కు ఉంది. టర్బో గాలి లోపలి నుంచి వెనక్కి తోస్తుంటుంది గనుక, పెట్రోలు ఒత్తిడి కూడా అంతే పెరిగితేనే ఇంజెక్టర్ మామూలుగా చిమ్ముతుంది. ఆ పెంచే పని రెగ్యులేటర్ చేస్తుంది. కానీ ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. ఎక్కువ పెట్రోలు కావలసిన ఘడియలోనే పంపు తక్కువ ఇస్తుంది. పంపుకు వెళ్లే వైరు సన్నగా ఉండి వోల్టేజీ పడిపోతే ఇంకా తగ్గుతుంది. ఎంతో ఖరీదైన ఇంజెక్టర్లు వేసి, పాత వైరు వదిలేసి ఇంజన్ పోగొట్టుకునేవారు ఉంటారు.

ఇక నిప్పురవ్వ. రోటరీ గది పొడుగ్గా, పలచగా, కదులుతూ ఉంటుంది. ఒక మూలన అంటించిన మంట రెండో మూలకు చేరడానికి సమయం పడుతుంది. అందుకే ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులు. ముందు వెలిగేది లీడింగ్, కొద్ది డిగ్రీల తర్వాత వెలిగేది ట్రెయిలింగ్. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మజ్దా 787బి కారులో నాలుగు రోటర్లు, ఒక్కో దానికి మూడు ప్లగ్గులు. దానికి టర్బో లేదు. ఆ పందెం గెలిచిన మొదటి జపాన్ కారు అది.

ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. గదిలో ఒత్తిడి పెరిగితే ఆ దూకుడుకు ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. పాత కాయిల్‌తో టర్బో పెంచితే రవ్వ దూకదు. మన మెకానిక్‌లు "మిస్సింగ్ కొడుతోంది" అంటారే, అదే. పైగా సమయం లేదు. 8000 చుట్లంటే సెకనుకు 133 మంటలు, ఒక మంటకూ ఇంకో మంటకూ మధ్య 7.5 మిల్లీసెకన్లు. అంతే వేగంతో తిరిగే మామూలు ఫోర్ స్ట్రోక్ సిలిండర్‌కైతే రెండు చుట్లకు ఒక మంటే గనుక దానికి రెట్టింపు సమయం దొరుకుతుంది. ఆ కొద్ది వ్యవధిలో కాయిల్ నిండాలి, ఖాళీ కావాలి. అందుకే బలమైన కాయిల్స్ గానీ, సి.డి.ఐ. గానీ వేస్తారు. సి.డి.ఐ. మీకు కొత్త కాదు. సి.బి. పాయింట్ల కాలం పోయాక మన బైకుల్లోకి వచ్చిన నల్ల డబ్బా అదే. కెపాసిటర్‌లో కరెంటు నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది.

ప్లగ్గు మీద కూడా ఒక అంకె ఉంటుంది. ఎన్.జి.కె. ప్లగ్గులో ఆ అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, అనగా వేడిని త్వరగా తలలోకి పంపించేస్తుంది. ఈ కారుకు కంపెనీ ఇచ్చినవి లీడింగ్‌కు 7, ట్రెయిలింగ్‌కు 9. టర్బో పెంచేవాళ్లు నాలుగూ 9 గానీ అంతకు పైన గానీ వేస్తారు. వేడి ప్లగ్గు కొన ఎర్రగా కాలితే రవ్వ రాకముందే అదే నిప్పవుతుంది. బాష్ కంపెనీ అంకెలు దీనికి తలకిందులు, పెద్ద అంకె అంటే వేడి ప్లగ్గు. షాపులో ఈ తేడా తెలియక బోల్తా పడినవాళ్లలో నేనూ ఒకడిని.

అన్నిటికంటే ముఖ్యం రవ్వ ఎప్పుడు పడాలన్నది. ముందుగా పడితే బలం ఎక్కువ, నాకింగ్ భయమూ ఎక్కువ. టర్బో ఒత్తిడి పెరిగేకొద్దీ రవ్వను కొన్ని డిగ్రీలు వెనక్కి జరపాలి. ఈ పని చేతితో కాదు, ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటర్ చేస్తుంది. దాని లోపల ఎక్కాల పట్టిక లాంటిది ఉంటుంది. అడ్డంగా చుట్ల వేగం, నిలువుగా గాలి ఒత్తిడి, ఒక్కో గడిలో ఎంత పెట్రోలు, ఎన్ని డిగ్రీలు అని. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 వచ్చినప్పటి నుంచి మన కొత్త పెట్రోలు బైకుల్లో కూడా చాలావాటికి ఇంజెక్టరు, ఇ.సి.యు. ఉంటున్నాయి. కార్బురేటర్ స్క్రూ తిప్పి వినికిడితో సరిచేసిన మెకానిక్‌లకు అది నచ్చలేదు. నాకు వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ చెవికి గోలీల శబ్దం వినపడేసరికే రోటరీ పోయి ఉంటుంది.

కాబట్టి నిజం షెడ్డులో వరుస ఇది. ముందు పంపు, ఇంజెక్టర్లు. తర్వాత ప్లగ్గులు, కాయిల్స్. ఆ తర్వాత పొగలోని ఆక్సిజన్ కొలుస్తూ పట్టికలో ఒక్కో గడి సరిచేయడం. టర్బో ఒత్తిడి అన్నిటికంటే చివర, కొంచెం కొంచెంగా. ఆటలో టర్బో ముందు అమ్ముతారు, ఎందుకంటే అది కనపడుతుంది.

ఇది జపాన్ వాళ్ల పని, మనకెందుకు అనుకోవద్దు. మన దేశంలోనూ వాంకెల్ ఇంజన్ చేశారు. నిశాంత్ అనే మనిషి లేని విమానం కోసం బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ ముఖ్యమైన ఇంజన్ భాగాన్ని, గోడ మీది నికెల్ సిలికాన్ కార్బైడ్ పూతను తయారు చేసింది. ఇంధన, ఇగ్నిషన్ వ్యవస్థల పని అహ్మద్‌నగర్‌లోని డి.ఆర్.డి.ఓ. వాహన పరిశోధన సంస్థ చూసుకుంది. 55 గుర్రాల బలం. 2009 మార్చి 29న కర్ణాటకలోని కోలార్‌లో ఆ ఇంజన్‌తో నిశాంత్ ఎగిరింది. గోడ పూత ఒక చోట, పెట్రోలు, రవ్వ ఇంకో చోట అంటే, పెట్రోలు, రవ్వ అంత చిన్న పని కాదని మీకు అర్థమై ఉంటుంది.

బంకులో పోసే పెట్రోలు సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు నాకింగ్ ఓర్చుకునే శక్తి పెట్రోలు కంటే ఎక్కువ, అది మేలే. కానీ కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలే చాలు. ఇరవై శాతం కలిపితే 14.7 కాస్తా 13.5 దగ్గరికి వస్తుంది. ఇ.సి.యు. ఉన్న బండి చాలావరకు తానే సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండికి ఆ తెలివి లేదు. దాని మిశ్రమం కొద్దిగా పలచబడుతుంది. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే పైన చెప్పిన లెక్క మీరే వేసి చూడండి.

ఎం.టెక్‌లో చేరాక ఒక రాత్రి నాన్నకు ఫోనులో ఈ నాకింగ్ అంతా చెప్పాను. నీలం పెట్రోలు, అడవి మంట గీత, సుత్తి దెబ్బ, అన్నీ. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే నేను బండి గుంజలేదన్నమాట" అన్నాడు.

ఆ పిస్టన్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. డబ్బులు కట్టింది నేనే గదా అని ఆ రోజు మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. అమ్మ దానిలో అగరుబత్తీలు గుచ్చుతుంది. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తెస్తున్నాను. సైన్సు బల్ల మీద పెడతాను. ప్రశ్న అడిగిన తమ్ముడు ముందుగా వచ్చి ఆ బెజ్జంలో వేలు పెట్టి చూడాలి.

– పూర్వ విద్యార్థి, ఎం.టెక్ (థర్మల్ ఇంజనీరింగ్)